టీకాలును ద్వీపాంతర ప్రయాణములును

'టీకా' యను పదము తెలుఁగున రెండర్థములఁ జెల్లుచున్నది. పండితులకది గ్రంథవ్యాఖ్య. సామాన్యజనులకు మశూచికమును నివారించుటకై భుజముపైఁ బెట్టు మచ్చ. మొదటిది సంస్కృతము, రెండవది బొట్టు, గుఱుతు అను నర్థముగల హిందూస్థానీ పదము. ఈ రెండవ టీకాకు సముద్రయానముతోడి సంబంధము గాఢమైనది. బ్రదుకుతెరువునకై పరదేశములకుఁ బోయినవారి భుజములపై నీ మచ్చ యొకచో రక్షయయ్యెను, ఒకచోఁ బ్రవేశపత్రమయ్యెను, మఱియొకచో వీఁడు పరాయివాఁడను ముద్రయయ్యెను. ఒక్కటే చికిత్స యిన్ని రూపములు దాల్చుటకుఁ గారణము వైద్యశాస్త్రమున లేదు. దానిని నడిపించిన రాజ్యనీతియందుఁ గలదు.

ఎడ్వర్డు జెన్నరు 1796 మే 14వ తేదీని జేమ్సు ఫిప్సను బాలునకు గోమశూచిరసము నెక్కించి, 1798లోఁ దన పరిశోధనమును బ్రకటించెను. ఆ కాలమున రసమును నిలువఁజేయుట దుర్ఘటము. ఎండకది చెడిపోవును. ఒకని చేతిపొక్కునుండి తీసి వేఱొకని చేతికెక్కించుటయే నమ్మకమైన పద్ధతి. కావున టీకామందు దూరదేశములకుఁ బోవలెనన్న మనుష్యులే దానికిఁ బాత్రలు కావలసివచ్చెను. 1803లో స్పెయినుదేశమునుండి బయలువెడలిన బాల్మిసు వైద్యుఁ డనాథబాలుర నోడనెక్కించుకొని, వారి చేతులమీఁదుగా నా రసమును సజీవముగా నమెరికాఖండమునకుఁ గొనిపోయెను. హిందూదేశమునకది బాగ్దాదు, బస్రాల మీఁదుగా వచ్చెను. 1802 జూను 14వ తేదీని బొంబాయిలో మూఁడేండ్ల బాలికకు వేసిన టీకా యీ దేశమున మొదట ఫలించినది. రోగమును దెచ్చు నోడయే మందును గూడఁ దెచ్చుననుట యీ చరిత్రయందలి మొదటి పాఠము.

మన జనులు దీనిని వెంటనే యంగీకరింపలేదు. స్ఫోటకము తెలుఁగునాట రోగము కాదు, అమ్మవారు. పోలేరమ్మకు వేపమండలతోడను, చల్లనీటితోడను శాంతి చేయుటయే యాచారము. ఒక కులమువాని చేతినుండి వేఱొక కులమువాని చేతికి రసమును మార్చుట యనుమానమును బెంచెను. ఈ యనుమానమును దీర్పఁ జెన్నపట్టణమున నొక వింత ప్రయత్నము జరిగెను. ద్రావిడభాషలు స్వతంత్రకుటుంబమని 1816లో నిరూపించిన ఎల్లిసుదొర, శక్తికిని ధన్వంతరికిని సంవాదముగా నొక కథను గల్పించి, గోమశూచిరసము గోవు ప్రసాదించిన వరమేయని చెప్పించెను. ఉద్దేశము మంచిదే. కాని ప్రాచీనతను నటించి జనులను నమ్మించు పద్ధతి యెంతవఱకు యుక్తమనునది విచార్యము. తరువాత నిట్టి కల్పనలను నిజమని నమ్మి, జెన్నరుకంటెఁ బూర్వమే మనకీ విద్య యుండెనని వాదించినవారును గలరు. సర్కారు కొంతకాలమునకుఁ గథను విడిచి శాసనమును బట్టెను. 1880వ సంవత్సరపు టీకాల చట్టము పురపాలకసంఘముల పరిధిలో బాలురకు టీకాలు నిర్బంధము చేయుటకును, మశూచిరసమునే యెక్కించు ప్రాచీనపద్ధతిని నిషేధించుటకును నవకాశమిచ్చెను.

దేశమునందలి గృహస్థునకు శాసనము మెల్లఁగా వచ్చినను, దేశము విడుచు కూలీకి మాత్రము మొదటనే వచ్చెను. 1834లో మారిషసునకు ఒప్పందపుఁ గూలీల ప్రయాణము లారంభమయ్యెను. వారి కష్టములను విని సర్కారు నడుమఁ గొన్నాళ్లు వలసను నిలిపి, నిబంధనలతో మరల సాగనిచ్చెను. ఈ నిబంధనలు 1883వ సంవత్సరపు చట్టముతోఁ బూర్ణరూపమును దాల్చెను. రేవుపట్టణమున డిపోయను నివాసము, వలసవారి సంరక్షకాధికారి, వైద్యపరీక్ష, టీకా, ఓడపై వైద్యుఁడు—ఇది క్రమము. డిపోలోఁ జేరినవాఁడు తనయూరనున్నచో వలదనఁగలిగిన సూదిని ఇచట వలదనుట కష్టము. ఒప్పందముపై వ్రేలిముద్ర వేసిన చేతికే టీకాయు వేయఁబడెను. అయినను నెలలతరబడి యిఱుకుటోడలో బ్రదుకువారికిది మేలే చేసెననుట నిర్వివాదము.

ఈ విధానమునకుఁ గఠినపరీక్ష ఫీజీద్వీపములలో జరిగెను. ఆ ద్వీపములు 1874 అక్టోబరు 10వ తేదీని బ్రిటిషువారి వశమయ్యెను. మఱుసటి జనవరిలో ఫీజీరాజగు థాకొంబౌ సిడ్నీనగరమునుండి తిరిగివచ్చిన యుద్ధనౌకతోఁ దట్టమ్మ దిగెను. మనయిండ్లలోఁ బిల్లలకు వచ్చిపోవు నీ వ్యాధి, దాని నెన్నఁడు నెఱుఁగని యా జనులపాలిట మృత్యువయ్యెను. ఇంచుమించు 40,000 మంది, అనఁగా జనసంఖ్యలో నాలుగవవంతు, కొలఁది మాసములలో నశించిరి. ఆ యేఁడే వచ్చిన గవర్నరు ఆర్థరు గోర్డను, మిగిలిన జనులను జెఱకుతోఁటలకుఁ దోలక కాపాడఁదలఁచి, హిందూదేశపుఁ గూలీలను రప్పింప నిశ్చయించెను. ఒకజాతిని రక్షించుటకై వేఱొకజాతి శ్రమను గొనితెచ్చుట యనెడి యీ నీతియందలి వైషమ్యమును మఱువరాదు.

మొదటి యోడ లియోనిడాసు 1879 మార్చిలోఁ గలకత్తా విడిచెను. దారిలోనే కలరా, మశూచికము, అతిసారము పొడసూపి పలువురు మరణించిరి. మే 14వ తేదీని ఓడ లెవూకా చేరెను. నాలుగేండ్లనాఁటి మారణహోమము నింకను మఱువని ద్వీపవాసుల కీ వార్త యెట్లుండెనో యూహింపవచ్చును. వచ్చిన 463 మందిని బట్టణమున దింపక, సమీపమున నున్న యనుకా లైలై యను చిన్నదీవిలో దాదాపు మూఁడు మాసములు నిలిపిరి. ఇల్లు విడిచి, తోడివారి శవములను సముద్రమున విడిచి, నేలను జూచియు దానిపైఁ గాలుమోపలేక యున్న యా జనుల బాధ సర్కారు లెక్కలలోఁ గానరాదు. కాని వ్యాధి దీవిని దాఁటి ఫీజీవారిలోఁ బ్రబలలేదు.

దీనికంటె ముఖ్యమైనది తరువాతి కార్యము. వచ్చువారిని గాచినంతమాత్రముననే చాలదని యధికారులు గ్రహించిరి. ద్వీపవాసులకే టీకాలు వేయవలెను. వేయువారు వారిలోనివారే కావలెను. ఈ తలంపుతో ఫీజీయువకులకు టీకాలు వేయు విద్యను నేర్పఁబూని, 1885లో సువాలో వైద్యపాఠశాలను స్థాపించిరి. అదియే 1928లో దక్షిణసముద్రద్వీపముల కన్నిటికిని సెంట్రల్ మెడికల్ స్కూలయ్యెను. ఒక కూలీలయోడ పుట్టించిన భయమునుండి యొక విద్యాలయము పుట్టినది.

తెలుఁగువారీ ద్వీపములకు వచ్చినది 1903వ సంవత్సరము మొదలు. చెన్నపట్టణమునుండి మొదట వచ్చిన యోడ 'ఎల్బు'. విశాఖపట్టణము, గోదావరి, కృష్ణ, ఉత్తరార్కాటు మొదలగు జిల్లాలవా రందుఁ గలరు. 1916 వఱకు ఫీజీకి వచ్చిన 60,000 మందికిఁ బైబడిన వలసవారిలో నాలుగవవంతు దక్షిణాదివారు. వీరు భుజములపై టీకామచ్చలతో దిగిరి. హృదయములలో నమ్మవారితో దిగిరి. మారియమ్మ గుడులును, అగ్నిగుండములును ఫీజీలో నేఁటికిని నిలిచియున్నవి. సూదియు దేవతయు నొకే యోడలో నొకే మనుష్యునితోఁ బ్రయాణము చేసినవి. వానికిఁ దగవు లేదు.

అన్నిచోట్లను నిట్లు జరుగలేదు. 1896 డిసెంబరులో దర్బాను రేవునకు వచ్చిన కోర్లాండు, నాదరీ యను నోడలను బొంబాయిలోని మహామారి నెపమునఁ బలుదినము లాపిరి. అందు గాంధీమహాత్ముఁ డుండెను. నిర్బంధదినములు మాటిమాటికిఁ బెంచుటకుఁ గారణము రోగభయమొక్కటియే కాదు, హిందువులను దిగనీయమన్న తెల్లవారి యాందోళనము. ఆ 1897లోనే నెటాలు ప్రభుత్వ మొక యైరోపాభాషలో వ్రాయనేర్వని వారిని నిషేధించు చట్టమును జేసి, మనసులోని మాటను బయటపెట్టెను. వైద్యము చేయఁదగిన పనిని ద్వేషము చేయఁబూనినప్పుడు దినముల లెక్క రోగమునుబట్టి కాక కోపమునుబట్టి పెరుగును.

బర్మాకథ తెలుఁగువారికి మఱింత దగ్గఱిది. కాకినాడ, విశాఖపట్టణము మొదలగు రేవులనుండి యేఁటేఁట రంగూనునకుఁ బోయిన కూలీల నచటివారు కోరంగులని పిలిచిరి. బర్మా 1937 ఏప్రిలు 1వ తేదీ వఱకు హిందూదేశమున నొక రాష్ట్రమే. అయినను దానికిఁ బూర్వమే రంగూనున దిగు కూలీలకు టీకాలు నిర్బంధమయ్యెను. ఒకే ప్రభుత్వము క్రిందనున్న రెండు తీరముల నడుమ సూదిమొనతో నొక సరిహద్దు గీయఁబడెను. రోగము కూలీని బాబును వేఱుచేసి చూడదు, నిబంధన చూచెను. శ్రమకుఁ గావలసినవాఁడు, నివాసమునకుఁ గానివాఁడను భావమున కిది తొలిగుఱుతు. 1930 మే మాసమున రంగూను రేవులోఁ దెలుఁగు కూలీలపైఁ జెలరేఁగిన దొమ్మీ యా భావము ముదిరినందులకు సాక్ష్యము.

ఈ మూఁడు రేవులను బోల్చిచూచినచో నొక విషయము స్పష్టమగును. టీకాను వచ్చినవానికే పరిమితము చేసినచోట నది ముద్రయై, వైరమునకుఁ దోడ్పడెను. వచ్చినవానికిని ఉన్నవానికిని సమముగాఁ బంచఁబూనినచోట నది రక్షయై, విద్యయై నిలిచెను. 1951లో నంతర్జాతీయ నిబంధన లేర్పడి, మశూచి టీకాపత్రము దేశాంతరయాత్రికులకు సామాన్యమయ్యెను. హిందూదేశమునఁ గట్టకడపటి మశూచిరోగి 1975 మేలో అస్సామునందలి కరీంగంజు రైలునిలయమునఁ గానవచ్చిన, బంగ్లాదేశమునుండి వచ్చిన యొక నిరుపేద స్త్రీ. ఆమెను వెడలఁగొట్టుటచేతఁ గాదు, చేరఁదీసి చుట్టుపట్లనున్న వారికందఱకును టీకాలు వేయుటచేతనే వ్యాధి యడఁగెను. 1980 మే 8వ తేదీని లోకమెల్ల మశూచిముక్తమని ప్రకటింపఁబడెను. 1981లో యాత్రికుల నిబంధనలనుండి యా టీకా తొలఁగెను. భుజములపై మచ్చ గల తరము క్రమముగాఁ గనుమఱుఁగగుచున్నది. ఆ మచ్చ చెప్పు సంగతి మాత్రము, వాకిటికి వచ్చిన పరదేశిని జూచి తలుపు వేయుదమా, వైద్యునిఁ బిలుతమా యని జనులు తడఁబడినప్పుడెల్లఁ దలఁచుకొనఁదగినది.