చిన్న విమానాలలో ఏడీఎస్-బి

ఏడీఎస్-బి అనేది విమానం తన స్థానాన్ని, ఎత్తును, వేగాన్ని తానే గ్రహించి, రేడియో ద్వారా చుట్టుపక్కల వారందరికీ ప్రసారం చేసే నిఘా పద్ధతి. ఆటోమేటిక్ డిపెండెంట్ సర్వైలెన్స్-బ్రాడ్‌కాస్ట్ అనే ఆంగ్ల నామానికి ఇది సంక్షిప్త రూపం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 2020 జనవరి 1 నుండి నిర్దేశిత గగనతలంలో ఎగిరే విమానాలకు ఈ పరికరం తప్పనిసరి అయింది. దీని వలన పెద్ద ప్రయాణికుల విమానాలతో పాటు, దశాబ్దాల క్రితం తయారైన రెండు, నాలుగు సీట్ల సొంత విమానాలలో కూడా దిక్సూచన, నిఘా పరికరాలను మార్చవలసి వచ్చింది. ఈ వ్యాసం అటువంటి చిన్న విమానాలలో జరిగే మార్పును, దాని ప్రయోజనాలను, పరిమితులను వివరిస్తుంది.

నేపథ్యం

సెస్నా 172, పైపర్ చెరోకీ వంటి ఒంటి ఇంజను విమానాలు అమెరికాలో సొంత విమానాలుగాను, శిక్షణ విమానాలుగాను విరివిగా వాడుకలో ఉన్నాయి. 1956లో ఉత్పత్తి మొదలైన సెస్నా 172 విమానాలు ఇప్పటి వరకు 44,000కు పైగా తయారయ్యాయి. వీటిలో చాలా విమానాల వయస్సు 40 సంవత్సరాలు దాటింది. విమానం చట్రం, ఇంజను సక్రమంగా ఉన్నంత కాలం వీటిని వాడుతూనే ఉంటారు కనుక, కాలానుగుణంగా మారేది పైలట్ ముందుండే ప్యానెల్‌లోని పరికరాలే.

పాత పద్ధతిలో దారి తెలుసుకోవటానికి వీఓఆర్ అనే భూకేంద్రాల రేడియో సంకేతాలపై ఆధారపడేవారు. విమానం ఎక్కడ ఉన్నదో భూమిపైనున్న నియంత్రణాధికారికి తెలియటానికి రాడార్, ట్రాన్స్‌పాండర్ ఉపయోగపడేవి. రాడార్ పంపిన ప్రశ్నకు ట్రాన్స్‌పాండర్ నాలుగు అంకెల సంకేత సంఖ్యతో జవాబిస్తుంది. ఒక్కో అంకె 0 నుండి 7 లోపు ఉంటుంది కనుక మొత్తం 4096 సంకేత సంఖ్యలు సాధ్యమవుతాయి. ఇలా సంఖ్యను మాత్రమే పంపే విధానాన్ని మోడ్ ఎ అనీ, దానితో పాటు ఎత్తును కూడా పంపే విధానాన్ని మోడ్ సి అనీ అంటారు.

ఎత్తు తెలియకపోవటం ఎంత ప్రమాదకరమో 1986 ఆగష్టు 31న కాలిఫోర్నియాలోని సెరిటోస్ పట్టణంపై జరిగిన దుర్ఘటన చూపింది. లాస్ ఏంజిలిస్‌లో దిగబోతున్న ఒక డీసీ-9 ప్రయాణికుల విమానం, అనుమతి లేకుండా నియంత్రిత గగనతలంలో ప్రవేశించిన ఒక చిన్న పైపర్ విమానం ఢీకొన్నాయి. విమానాలలోని 67 మంది, నేలపైనున్న 15 మంది మరణించారు. చిన్న విమానంలో ట్రాన్స్‌పాండర్ ఉన్నా అది ఎత్తును పంపే రకం కాదు. ఈ ప్రమాదం తరువాత, 1989 నుండి పెద్ద విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ళ పరిధిలో మోడ్ సి తప్పనిసరి అయింది. 30కి మించి సీట్లున్న ప్రయాణికుల విమానాలలో, ఎదురయ్యే విమానాల గురించి హెచ్చరించే టీకాస్ పరికరాన్ని 1993 చివరికల్లా అమర్చారు. ఏడీఎస్-బి ఈ క్రమంలో తరువాతి మెట్టు.

పేరులోని అర్థం

* ఆటోమేటిక్: పైలట్ ప్రమేయం గాని, రాడార్ ప్రశ్న గాని లేకుండా ప్రసారం దానంతటదే జరుగుతుంది.
* డిపెండెంట్: సమాచారం విమానంలోని పరికరాలపై ఆధారపడి ఉంటుంది. ఆ పరికరాలు తప్పు చెబితే ప్రసారం కూడా తప్పుతుంది.
* సర్వైలెన్స్: విమానాల కదలికలపై నిఘా.
* బ్రాడ్‌కాస్ట్: ప్రసారం ఒకరికని కాక, వినగలిగిన అందరికీ అందుతుంది.

పనిచేసే విధానం

విమానంలోని జీపీఎస్ గ్రాహకం ఉపగ్రహాల సంకేతాల నుండి స్థానాన్ని, వేగాన్ని లెక్కిస్తుంది. వాయుపీడనాన్ని కొలిచే ఎన్‌కోడర్ ఎత్తును అందిస్తుంది. ప్రతి విమానానికి కేటాయించిన 24 బిట్ల గుర్తింపు సంఖ్యను ఈ వివరాలకు జతచేసి, ప్రసారిణి సుమారు సెకనుకు ఒకసారి వెలువరిస్తుంది. తిరిగే రాడార్ ఒక విమానాన్ని మళ్ళీ చూడటానికి 5 నుండి 12 సెకన్ల వరకు పడుతుంది. దూరం పెరిగిన కొద్దీ రాడార్ కచ్చితత్వం తగ్గుతుంది. ఏడీఎస్-బిలో స్థానం జీపీఎస్ నుండి వస్తుంది కనుక దూరంతో పాటు కచ్చితత్వం తగ్గదు.

ఇందులో రెండు భాగాలు ఉన్నాయి. ప్రసారం చేసే భాగాన్ని ఏడీఎస్-బి ఔట్ అనీ, ఇతరుల ప్రసారాలను స్వీకరించి పైలట్‌కు చూపే భాగాన్ని ఏడీఎస్-బి ఇన్ అనీ అంటారు. అమెరికా నిబంధన ఔట్ భాగాన్ని మాత్రమే తప్పనిసరి చేసింది. ఇన్ భాగం యజమాని ఇష్టానికి వదిలివేయబడింది.

అమెరికాలో ప్రసారానికి రెండు పౌనఃపున్యాలు వాడుకలో ఉన్నాయి.

* 1090 మెగాహెర్ట్జ్: దీనిని 1090 ఎక్స్‌టెండెడ్ స్క్విటర్ అంటారు. ప్రపంచమంతటా చెల్లుతుంది. 18,000 అడుగులు, ఆపైన ఎగిరేవారు దీనినే వాడాలి.
* 978 మెగాహెర్ట్జ్: దీనిని యూనివర్సల్ యాక్సెస్ ట్రాన్సీవర్ (యూఏటీ) అంటారు. అమెరికాలో 18,000 అడుగుల లోపు ఎగిరే విమానాల కొరకు ఉద్దేశించబడింది.

ఒక పౌనఃపున్యంలో ప్రసారం చేసే విమానాన్ని మరొకదానిని మాత్రమే వినే విమానం నేరుగా చూడలేదు. ఈ లోటును తీర్చటానికి భూకేంద్రాలు ఒకదానిలో విన్నదానిని రెండవదానిలో తిరిగి ప్రసారం చేస్తాయి. దీనిని ఏడీఎస్-ఆర్ అంటారు.

భూకేంద్రాల సేవలు

అమెరికాలో 600కు పైగా భూకేంద్రాలు ఈ వ్యవస్థ కొరకు పనిచేస్తున్నాయి. ఇవి రెండు ముఖ్యమైన సేవలను రుసుము లేకుండా అందిస్తాయి.

మొదటిది టిస్-బి. ఏడీఎస్-బి లేక, ట్రాన్స్‌పాండర్ మాత్రమే ఉన్న విమానాల వివరాలను రాడార్ నుండి తీసుకొని పైలట్లకు పంపే సేవ ఇది. రెండవది ఫిస్-బి. ఇది వాతావరణ సమాచారాన్ని, వాన మేఘాల రాడార్ చిత్రాలను, గగనతల ఆంక్షలను 978 మెగాహెర్ట్జ్‌లో పంపుతుంది.

టిస్-బి విషయంలో చాలామంది పొరబడే అంశం ఒకటి ఉంది. భూకేంద్రం ప్రతి విమానం గురించి అన్ని వేళలా ప్రసారం చేయదు. ఏడీఎస్-బి ఔట్ ద్వారా తన ఉనికిని, తన వద్ద గ్రాహకం ఉన్న సంగతిని తెలిపిన విమానానికి మాత్రమే, దాని చుట్టూ 15 నాటికల్ మైళ్ళ వ్యాసార్ధంలో, 3,500 అడుగుల పైన, క్రింద ఉన్న విమానాల వివరాలను పంపుతుంది. ఔట్ లేకుండా చేతిలో పట్టుకొనే గ్రాహకాన్ని మాత్రమే కొనుక్కున్న పైలట్‌కు తెరపై కొన్ని విమానాలు కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. ఆ తెర ఖాళీగా ఉన్నంత మాత్రాన ఆకాశం ఖాళీగా ఉందని అనుకోరాదు.

అమెరికా నిబంధన

అమెరికా పౌర విమానయాన పాలక సంస్థ ఎఫ్‌ఏఏ ఈ నిబంధనను 2010 మే నెలలో ప్రకటించి, అమలుకు సుమారు పదేళ్ళ గడువు ఇచ్చింది. దీని ప్రకారం ఏడీఎస్-బి ఔట్ అవసరమైన ముఖ్య ప్రాంతాలు ఇవి:

* 18,000 అడుగులు, ఆపైనున్న ఎ తరగతి గగనతలం
* రద్దీ విమానాశ్రయాల చుట్టూ ఉండే బి, సి తరగతుల గగనతలం, దానిపైన 10,000 అడుగుల వరకు
* బి తరగతిలోని ప్రధాన విమానాశ్రయాల చుట్టూ 30 నాటికల్ మైళ్ళ వరకు, నేల నుండి 10,000 అడుగుల ఎత్తు వరకు
* 10,000 అడుగులు, ఆపైనున్న ఇ తరగతి గగనతలం (నేల నుండి 2,500 అడుగుల లోపు భాగం మినహా)

తయారైనప్పుడే విద్యుత్ వ్యవస్థ లేని పైపర్ జె-3 కబ్ వంటి పాత విమానాలకు, గ్లైడర్లకు, బెలూన్లకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. పల్లె ప్రాంతాలలో తక్కువ ఎత్తున మాత్రమే ఎగిరే యజమాని ఈ పరికరం లేకుండానే చట్టబద్ధంగా ఎగరవచ్చు.

ఖర్చుకు వెనుకాడుతున్న యజమానులను ప్రోత్సహించటానికి ఎఫ్‌ఏఏ 2016 సెప్టెంబరులో ఒంటి ఇంజను పిస్టన్ విమానాలకు 500 డాలర్ల రాయితీ పథకాన్ని ప్రారంభించింది. మొత్తం 20,000 విమానాలకు ఇవ్వాలని నిర్ణయించింది. మిగిలిన రాయితీల కొరకు పథకాన్ని 2018లో తిరిగి తెరిచింది.

అమరికలోని భాగాలు

స్థాన మూలం: ప్రసారమయ్యే స్థానం కచ్చితమైనదే కాక, అది నమ్మదగినదని పరికరం రుజువు చేయగలగాలి. స్థానంలోని అనిశ్చితి 0.05 నాటికల్ మైలు, అనగా సుమారు 93 మీటర్ల లోపు ఉండాలని నిబంధన చెబుతుంది. దీని కొరకు సాధారణంగా డబ్ల్యూఏఏఎస్ సవరణలను స్వీకరించే జీపీఎస్‌ను వాడతారు. 2003 జులైలో సేవలోకి వచ్చిన ఈ వ్యవస్థ, జీపీఎస్ దోషాలను భూకేంద్రాలలో లెక్కించి, భూస్థిర ఉపగ్రహాల ద్వారా సవరణలను పంపుతుంది. ప్యానెల్‌లో ఇటువంటి దిక్సూచన పరికరం ఉంటే, వేరే భూ పరికరాలు లేని చిన్న విమానాశ్రయాలలో కూడా మబ్బుల గుండా నిలువు మార్గదర్శనంతో దిగవచ్చు. కొన్నిచోట్ల నేల నుండి 200 అడుగుల ఎత్తు వరకు ఇలా రావచ్చు. అయితే, ఏడీఎస్-బి ప్రసారిణి లోపలే ఇమిడి ఉన్న జీపీఎస్ ప్రసారానికి సరిపోయినా, దానితో దారి నడపటానికి అనుమతి ఉండకపోవచ్చు.

ఎత్తు ఎన్‌కోడర్: ప్రసారమయ్యేది జీపీఎస్ ఎత్తు మాత్రమే కాదు. విమానాల మధ్య ఎడం పాటించటానికి పీడనం ఆధారంగా కొలిచిన ఎత్తే ప్రమాణం.

ప్రసారిణి: పాత ట్రాన్స్‌పాండర్‌ను తీసివేసి 1090 మెగాహెర్ట్జ్ రకాన్ని పెట్టవచ్చు. లేదా పాతదానిని ఉంచి, అదనంగా 978 మెగాహెర్ట్జ్ పెట్టెను అమర్చవచ్చు. రెక్క కొసన లేదా తోక చివర ఉండే దీపం స్థానంలో బిగించే ప్రసారిణులు కూడా ఉన్నాయి. ఏడీఎస్-బి వచ్చినా ట్రాన్స్‌పాండర్ అవసరం తీరిపోదు. రాడార్లు, టీకాస్ పరికరాలు ఇంకా దానినే ప్రశ్నిస్తాయి.

యాంటెన్నా: చిన్న విమానాలలో దీనిని సాధారణంగా విమానం అడుగున అమరుస్తారు. విమానం ఒకవైపు వాలినప్పుడు పై దిశలో సంకేతం బలహీనపడవచ్చు.

తెర, హెచ్చరిక: చుట్టుపక్కల విమానాలను ప్యానెల్‌లోని తెరపై గాని, టాబ్లెట్‌పై గాని చూడవచ్చు. తెరపై చూపటం, ధ్వనితో హెచ్చరించటం రెండు వేర్వేరు పనులు. అన్ని పరికరాలు రెండింటినీ చేయవు.

అమర్చిన తరువాత పరీక్ష

ధృవీకరణ పొందిన విమానంలో ఈ పనిని అర్హత గల మెకానిక్ లేదా మరమ్మతు కేంద్రం చేయాలి. పనిని లాగ్ పుస్తకంలో నమోదు చేసి, విమానం బరువు, సమతుల్యతలలో వచ్చిన మార్పును తిరిగి లెక్కించాలి. ట్రాన్స్‌పాండర్‌ను 24 నెలలకొకసారి పరీక్షించాలి.

నేలపై అంతా సరిగా ఉన్నట్లు కనిపించినా గాలిలో ప్రసారం తప్పుగా ఉండవచ్చు. 24 బిట్ల గుర్తింపు సంఖ్యను తప్పుగా నమోదు చేయటం, విమానం పేరు రిజిస్ట్రేషన్‌తో సరిపోలకపోవటం తరచుగా జరిగే పొరపాట్లు. వీటిని పట్టుకోవటానికి ఎఫ్‌ఏఏ ఉచిత నివేదికను అందిస్తుంది. యజమాని ఒకసారి ఎగిరివచ్చి వివరాలు పంపితే, భూకేంద్రాలు విన్న ప్రసారంలోని లోపాలు ఈ-మెయిల్ ద్వారా తెలుస్తాయి.

పరిమితులు

* ట్రాన్స్‌పాండర్ గాని, ఏడీఎస్-బి గాని లేని విమానం తెరపై కనిపించదు.
* తక్కువ ఎత్తున, కొండల చాటున భూకేంద్రాల సేవలు అందకపోవచ్చు. అయితే విమానాల మధ్య నేరు ప్రసారం కొనసాగుతుంది.
* ఫిస్-బి వాన చిత్రం పాతబడి ఉండవచ్చు. తెరపై చూపే వయస్సు కంటే అసలు వాతావరణం 15 నుండి 20 నిమిషాలు ముందుకు పోయి ఉండవచ్చని అమెరికా రవాణా భద్రతా సంస్థ ఎన్‌టీఎస్‌బీ 2012లో హెచ్చరించింది. కనుక దానిని చూసి తుఫాను మేఘాల మధ్య సందులలో దూరరాదు.
* జీపీఎస్ సంకేతాలకు ఆటంకం కలిగితే స్థానం, ప్రసారం రెండూ దెబ్బతింటాయి. ఇందువలన అమెరికా కొన్ని రాడార్లను, వీఓఆర్ కేంద్రాలను కొనసాగిస్తున్నది.

అలాస్కా అనుభవం

ఏడీఎస్-బి తొలి ప్రయోగాలు రోడ్లు తక్కువగా ఉండి, చిన్న విమానాలే ప్రధాన రవాణా సాధనమైన అలాస్కాలో జరిగాయి. 1999 నుండి 2006 వరకు నడిచిన క్యాప్‌స్టోన్ పథకం క్రింద ఎఫ్‌ఏఏ అక్కడి చిన్న విమానాలలో జీపీఎస్, తెర, ఏడీఎస్-బి పరికరాలను అమర్చింది. ఆ ఫలితాలు దేశవ్యాప్త నిబంధనకు పునాది అయ్యాయి.

అదే అలాస్కాలో 2019 మే 13న కెచికన్ సమీపంలో, విహార నౌక ప్రయాణికులను తిప్పుతున్న రెండు నీటి విమానాలు, ఒక ఆటర్, ఒక బీవర్, గాలిలో ఢీకొన్నాయి. ఆరుగురు మరణించారు, పది మంది గాయపడ్డారు. రెండు విమానాలలోనూ చుట్టుపక్కల విమానాలను చూపే పరికరాలు ఉన్నాయి. అయినా ఏ పైలట్‌కూ హెచ్చరిక అందలేదు. ఎన్‌టీఎస్‌బీ 2021లో వెల్లడించిన నివేదిక ప్రకారం, ఆటర్‌లోని తొలి క్యాప్‌స్టోన్ పరికరాలకు హెచ్చరించే సామర్థ్యం ఉండేది. తరువాత ఎఫ్‌ఏఏ సమకూర్చిన కొత్త పరికరాలతో ఆ సామర్థ్యం పోయింది. పైగా ఆ రోజు ఆటర్ తన పీడన ఎత్తును ప్రసారం చేయటం లేదు. దాని వలన బీవర్‌లోని తెరకు కూడా హెచ్చరించే అవకాశం లేకపోయింది. విమాన నిర్మాణ భాగాలు అడ్డు రావటం వలన ఒకరినొకరు కంటితో చూసి తప్పుకొనే వీలు తగ్గిందని నివేదిక తెలిపింది.

సెరిటోస్‌లో ఎత్తును పంపే పరికరమే లేదు. కెచికన్‌లో పరికరం ఉండీ ఎత్తు అందలేదు. స్థాన మూలం, ఎన్‌కోడర్, ప్రసారిణి, తెర, హెచ్చరిక అనే గొలుసులో ఒక్క కొక్కెం తెగినా కొత్త పరికరం వలన కలిగే రక్షణ లోపిస్తుంది. అందువలన పరికరాలను మార్చేటప్పుడు కొత్తగా వచ్చే సదుపాయాలతో పాటు, పాతవాటిలో ఉండి కొత్తవాటిలో లేనివి ఏమిటో కూడా గమనించవలసి ఉంటుంది.

ఇతర దేశాలలో

ఆస్ట్రేలియాలో పరికరాల ఆధారంగా ఎగిరే విమానాలకు 2017 ఫిబ్రవరి నుండి ఏడీఎస్-బి తప్పనిసరి అయింది. కెనడాలో 2023 ఆగష్టు నుండి ఎ తరగతి గగనతలంలో తప్పనిసరి. అక్కడ ప్రసారాలను ఉపగ్రహాలు స్వీకరిస్తాయి కనుక, పైవైపుకు కూడా ప్రసారం చేయగల యాంటెన్నా కావాలి. అమెరికా నిబంధనకు సరిపోయే, అడుగున మాత్రమే యాంటెన్నా ఉన్న చిన్న విమానం దీనికి సరిపోదు.

డబ్ల్యూఏఏఎస్ వంటి భారతీయ వ్యవస్థ పేరు గగన్. దీనిని ఇస్రో, భారత విమానాశ్రయాల ప్రాధికార సంస్థ కలిసి నిర్మించాయి. నిలువు మార్గదర్శనంతో దిగటానికి ఇది 2015 ఏప్రిల్‌లో ధృవీకరణ పొందింది. 2022 ఏప్రిల్‌లో రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్ విమానాశ్రయంలో ఇండిగో సంస్థకు చెందిన ఏటీఆర్ విమానం గగన్ సాయంతో దిగింది.

ఇవి కూడా చూడండి

* జీపీఎస్
* గగన్
* రాడార్
* ట్రాన్స్‌పాండర్
* సెస్నా 172