బ్రౌన్ నిఘంటువు, మన పిల్లల ఇంగ్లీషు మాటలు



బెంగళూరులో మన తెలుగిళ్ళలో తరచూ వినబడే మాట ఒకటుంది: "ఇంగ్లీషు బాగా రావాలంటే తెలుగు పక్కన పెట్టాలి." జీఆర్ఈకి చదివే మన పిల్లలు కష్టమైన మాటలకు అర్థాలు కూడా ఇంగ్లీషులోనే బట్టీ పడుతున్నారు. మన పెద్దలు ఇంగ్లీషు నేర్చిన దారి వేరు.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టారు. 1817లో కంపెనీ ఉద్యోగానికి మద్రాసు వచ్చారు. ఉద్యోగం కోసం తెలుగు నేర్వక తప్పలేదు. వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర మొదలుపెట్టారు. 1820లో కడప చేరారు. తరువాత అక్కడే సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని తాళపత్ర గ్రంథాలు సేకరించి, ప్రతులు రాయించారు.

ఆ శ్రమ ఫలితమే 1852 నాటి తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కూడా ఆ రోజుల్లోనే వెలువడింది. కావ్యాల్లోని మాటతోపాటు జనం నోట నలిగే మాటకూ ఆయన చోటిచ్చారు. తెలుగులో కలిసిపోయిన పరభాషా పదాలకు 1854లో మిశ్రభాషా నిఘంటువు విడిగా వేశారు.

దొరలు తెలుగు నేర్చుకోవడానికి వేసుకున్న నిచ్చెన అది. అదే నిచ్చెన మీద మనవాళ్ళు ఇంగ్లీషు ఎక్కారు. తరువాతి తరాలకు శంకరనారాయణ నిఘంటువు తోడైంది.

ఇందులో కిటుకు చిన్నదే. 'ఫ్రూగల్', 'పార్సిమోనియస్' రెండూ తక్కువ ఖర్చు పెట్టేవాళ్ళకే వాడతారు. మొదటిది పొదుపరి, రెండోది పిసినారి అని చెప్పండి, మళ్ళీ చెప్పే పనుండదు. ఒకటి మెప్పు, ఒకటి తిట్టు. అలాగే 'రెజల్యూట్' అంటే పట్టుదల గలవాడు, 'ఆబ్‌స్టినేట్' అంటే మొండివాడు.

అయితే పిల్లలకు ముందు 'పిసినారి' తెలిసుండాలి కదా! మన చిక్కంతా అక్కడే. ఇక్కడి బడుల్లో ఇంగ్లీషు, కన్నడ, హిందీ వస్తాయి. తెలుగు ఎక్కువమందికి ఇంట్లో దొరికితేనే దొరికినట్టు. ఇంట్లో మనం మానేస్తే తెలుగు పోవడమే కాదు, ఇంగ్లీషు మాట తగిలించుకునే కొక్కెం కూడా పోతుంది.

అందుకే ఈ వేసవి సెలవుల్లో ఒక పని చేద్దాం. రోజుకొక ఇంగ్లీషు మాట తీసుకుని, దానికి తెలుగు మాటేదో అవ్వాతాతలను అడగమని పిల్లలకు చెబుదాం. దూరంగా ఉంటే ఫోన్ చేయిద్దాం. బ్రౌన్ దొర జీతాలిచ్చి చేయించుకున్న పని మనింట్లో పైసా ఖర్చు లేకుండా జరుగుతుంది.