రోగి హక్కు: దానం నుంచి చట్టం దాకా

భారతదేశంలో ఆసుపత్రి వైద్యం చాలాకాలం దానధర్మంగానే సాగింది. కాకతీయ రుద్రమదేవి కాలంలో, 1261లో వేయించిన మల్కాపురం శాసనం గుంటూరు సీమలో విశ్వేశ్వర శివాచార్యుడు నెలకొల్పిన గోళకీ మఠాన్ని వర్ణిస్తూ, దానికి అనుబంధంగా ఉన్న ప్రసూతిశాలనూ ఆరోగ్యశాలనూ, వాటి ఖర్చుకు కేటాయించిన రాబడినీ పేర్కొంటుంది. కాన్పుకు వచ్చే స్త్రీల కోసం ఏడున్నర శతాబ్దాల కిందటే విడిగా ఒక శాల నడపడం గొప్ప సంగతే. కానీ అదంతా దాత ధర్మబుద్ధి మీద నడిచిన ఏర్పాటు. వైద్యం అందకపోతే నిలదీసే వీలు రోగికి లేదు. బ్రిటిష్ పాలనలో వెలసిన ధర్మాసుపత్రుల్లోనూ రోగి పరిస్థితి ఇంతే.

రాజ్యాంగం 47వ అధికరణంలో ప్రజారోగ్యాన్ని ప్రభుత్వ కర్తవ్యంగా చెప్పింది తప్ప, రోగి హక్కుగా ఎక్కడా విడిగా రాయలేదు. ఆ లోటును న్యాయస్థానాలు ఒక్కో కేసుతో పూడ్చుకుంటూ వచ్చాయి. కారు ఢీకొన్న ఒక స్కూటరిస్టును ఆసుపత్రికి తీసుకెళితే, ఇది పోలీసు కేసు, ఇక్కడ చూడం అంటూ సుమారు 20 కిలోమీటర్ల దూరంలోని మరో ఆసుపత్రికి పొమ్మన్నారు. అతను దారిలోనే చనిపోయాడు. పత్రికలో వచ్చిన ఈ ఉదంతం ఆధారంగా పరమానంద్ కటారా సుప్రీంకోర్టుకు వెళ్లారు. ముందు ప్రాణం కాపాడాలి, పోలీసు లాంఛనాలు ఆ తర్వాతే అని 1989లో కోర్టు తేల్చింది. ప్రభుత్వ వైద్యుడైనా ప్రైవేటు వైద్యుడైనా ఈ బాధ్యత ఒకటేనని చెప్పింది.

తీర్పు వచ్చినంత మాత్రాన ఆసుపత్రుల తీరు మారలేదు. 1992లో పశ్చిమ బెంగాల్‌లో రైలు నుంచి పడి తలకు దెబ్బ తగిలిన ఒక వ్యవసాయ కూలీని కలకత్తాలోని ప్రభుత్వ ఆసుపత్రులు ఒకదాని తర్వాత ఒకటి పడకలు లేవనో, సదుపాయం లేదనో తిప్పి పంపాయి. చివరికి అతను ప్రైవేటు ఆసుపత్రిలో సొంత ఖర్చుతో చికిత్స పొందాడు. అతనికి 25,000 రూపాయల పరిహారం ఇప్పిస్తూ 1996లో సుప్రీంకోర్టు, అత్యవసర వైద్యం అందించకపోవడం జీవించే హక్కును ఉల్లంఘించడమేనని ప్రకటించింది. డబ్బు లేదని ప్రభుత్వం తప్పించుకోజాలదని కూడా చెప్పింది. పరిహారం కంటే ఈ మాటే విలువైనది.

అంతకు ఏడాది ముందు, 1995లో, ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో ఫీజు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని తీర్పు వెలువడింది. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను మినహాయించారు. కొందరి దగ్గర డబ్బు తీసుకునే చోట మాత్రం ఉచిత రోగులకూ ఫిర్యాదు చేసే హక్కు దక్కింది.

సమ్మతి విషయంలో 2008 నాటి తీర్పు కీలకం. పరీక్ష కోసం మత్తు ఇచ్చిన ఒక మహిళకు, ఆమె స్పృహలో లేనప్పుడు తల్లి చేత సంతకం చేయించి గర్భసంచి, అండాశయాలు తొలగించారు. ప్రాణాపాయం లేనప్పుడు ఆమె స్పృహలోకి వచ్చేదాకా ఆగాల్సిందేననీ, యుక్తవయసు వచ్చిన మనిషి తరఫున తల్లి సమ్మతి చెల్లదనీ సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఇంటి పెద్దలు సంతకం చేస్తే చాలనుకునే మన సమాజంలో ఈ తీర్పు ఇంకా తెలియాల్సినంత మందికి తెలియలేదు.

రికార్డుల సంగతి 2002 నాటి వైద్య వృత్తి నియమావళిలో ఉంది: ఇన్‌పేషెంట్ రికార్డులను 3 సంవత్సరాలు భద్రపరచాలి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలి. ఇలా చెదురుమదురుగా ఉన్న హక్కులను 2018లో జాతీయ మానవ హక్కుల కమిషన్ 17 హక్కుల పత్రంగా ఒకచోట చేర్చింది. మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవడం, మందులు నచ్చిన దుకాణంలో కొనుక్కోవడం, బిల్లు బాకీ పేరుతో మృతదేహాన్ని ఆపకుండా చూడటం అందులో ఉన్నాయి.

ఆ పత్రంలో బాధ్యతలూ ఉన్నాయి. పాత జబ్బులు, వాడుతున్న మందులు దాచకుండా చెప్పడం, వైద్య సలహా పాటించడం, సిబ్బందిని గౌరవించడం, హింసకు దిగకపోవడం వాటిలో ముఖ్యమైనవి. హింస విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ముందే, 2008లో, ప్రత్యేక చట్టం చేసింది. డ్యూటీ డాక్టరు మీద దాడి జరిగితే ఆ పూట నష్టపోయేది వార్డులోని మిగతా రోగులే కనుక ఈ నిబంధన రోగుల రక్షణకు కూడా అవసరమే.

ఆరోగ్యం రాష్ట్రాల అంశం. అందుకే ఆసుపత్రుల నమోదు, నియంత్రణ ఒక్కో చోట ఒక్కో చట్టం కింద సాగుతున్నాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2002 నాటి రాష్ట్ర చట్టం ఉండగా, తెలంగాణ 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టాన్ని స్వీకరించింది.