ఒకే మైదానం, రెండు ఫుట్‌బాళ్ళు

1956 డిసెంబర్ 7. మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్. ఒలింపిక్స్ జరుగుతున్నాయి. ఆ రోజు అక్కడ రెండు ఫుట్‌బాల్ మ్యాచులు జరిగాయి. ఒకటి మనకు తెలిసిన ఫుట్‌బాల్: కాంస్య పతకం కోసం ఇండియా, బల్గేరియా. మనం 0-3తో ఓడి నాలుగో స్థానంతో సరిపెట్టుకున్నాం. రెండోది ఆస్ట్రేలియా వాళ్ళ సొంత ఫుట్‌బాల్. కోడిగుడ్డు ఆకారం బంతి, జట్టుకు 18 మంది, చేత్తో పట్టుకోవచ్చు, గుద్దొచ్చు, తన్నొచ్చు. ఆతిథ్య దేశం కాబట్టి దాన్ని ప్రదర్శన క్రీడగా పెట్టుకున్నారు.

మెల్‌బోర్న్‌లో పనిచేసిన మన ఐటీ జనాలకు ఈ రెండో ఆట గురించి చెప్పక్కర్లేదు. సోమవారం పొద్దున కాఫీ మెషిన్ దగ్గర "ఫుటీ" తప్ప వేరే మాట ఉండదు. మనవాళ్ళు టిప్పింగ్‌లో డబ్బులు పెడతారు కానీ రూల్స్ మాత్రం అడగొద్దు :)

తమాషా ఏమిటంటే, ఆ ప్రదర్శన మ్యాచులో అసలు పెద్ద స్టార్లకు చోటు లేదు. ఒలింపిక్స్ అంటే అమెచ్యూర్లకే, డబ్బు తీసుకుని ఆడేవాళ్ళు కుదరదు. మూడు నెలల కిందటే అదే మైదానంలో విక్టోరియా లీగ్ ఫైనల్‌కి 1,15,802 మంది వచ్చారు. మరి ఆ లీగ్ ఆటగాళ్ళకి ముట్టిన డబ్బెంత? 1930లో వచ్చిన కూల్టర్ లా అనే నియమం మ్యాచుకి మూడు పౌండ్లు మించకూడదంది. వారమంతా ఉద్యోగం, శనివారం లక్షమంది ముందు ఆట. దాన్నే ప్రొఫెషనల్ అన్నారు.

ఆ ఫైనల్ గెలిచిన మెల్‌బోర్న్ జట్టులో రాన్ బరాసీ అనే 20 ఏళ్ళ కుర్రాడున్నాడు. 1936లో పుట్టాడు. తండ్రి కూడా అదే క్లబ్బుకి ఆడాడు, రెండో ప్రపంచ యుద్ధంలో 1941లో టోబ్రుక్ దగ్గర చనిపోయాడు. బరాసీ మెల్‌బోర్న్ తరఫున 204 మ్యాచులు ఆడి ఆరు ప్రీమియర్‌షిప్‌లు గెలిచాడు. 1965లో ఒక్కసారిగా కార్ల్‌టన్ క్లబ్బుకి కెప్టెన్ కమ్ కోచ్‌గా వెళ్ళిపోయాడు. మూడేళ్ళకు 20 వేల పౌండ్లని అప్పట్లో చెప్పుకున్నారు. ఊరు ఊరంతా అవాక్కయింది. కంపెనీ మారితే ద్రోహి అన్నట్టు చూడటం మన దగ్గరే కాదన్నమాట! కోచ్‌గా నాలుగు ప్రీమియర్‌షిప్‌లు గెలిచాడు, ఆ మైదానం బయటే విగ్రహం పెట్టారు.

ఇప్పుడు మన 1936 కుర్రాడి దగ్గరికి వద్దాం. తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ. తమిళ కుటుంబం, ఇంట్లో గడవడమే కష్టం. పోలీసులు పారేసిన పాత బూట్లని చెప్పులు కుట్టేవాడి దగ్గర రెండు రూపాయలకి బాగుచేయించుకుని ఆడాడంటారు. అతన్ని పట్టుకున్నది సయ్యద్ అబ్దుల్ రహీం. రహీం సాబ్ బడిపంతులు, 1943 నుంచి హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి, 1950 నుంచి సిటీ పోలీస్ జట్టు కోచ్. ప్రాక్టీసుకి అమ్ముగూడ నుంచి రోజూ రావడం నావల్ల కాదంటే, సైకిల్ ఖర్చు ఆయనే చూసుకున్నాడట. 1956లో సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌ది. అదే ఏడాది బలరాం మెల్‌బోర్న్ విమానం ఎక్కాడు. జట్టు కోచ్ రహీమే. అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్... జట్టులో మన హైదరాబాదీలు చాలామందే. క్వార్టర్ ఫైనల్లో ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డమీదే 4-2తో కొట్టారు, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్.

ఇక్కడ మా నల్లగొండ వాడిగా ఒక మాట చెప్పాలి. హైదరాబాద్ సిటీ పోలీస్ 1950 నుంచి 54 దాకా వరసగా ఐదేళ్ళు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. గొప్ప సంగతే. కానీ 1950లో సూర్యాపేట, హుజూర్‌నగర్ వైపు పల్లెల్లో "పోలీస్" అన్న మాటకి అర్థం వేరు. సాయుధ పోరాటం 1951 అక్టోబర్ దాకా సాగింది. అక్కడ పోలీసంటే క్యాంపు, సోదాలు, దెబ్బలు. నూటయాభై కిలోమీటర్ల లోపలే ఒకే మాటకి ఒకచోట చప్పట్లు, ఇంకోచోట వణుకు. మన క్రీడా చరిత్ర రాసేవాళ్ళు ఈ రెండో సగం వదిలేస్తారు.

ఆ జట్లలో నల్లగొండ, పాలమూరు పేర్లు ఎందుకు కనపడవో కూడా దీంతోనే తెలుస్తుంది. ఫుట్‌బాల్ వచ్చింది కంటోన్మెంట్‌తో: బొల్లారం, తిరుమలగిరి, ఫతే మైదాన్. పరేడ్ గ్రౌండు ఉన్నచోట బంతి ఉంది. మా దిక్కు చిర్రగోనె, కబడ్డీ. పైగా ఆటని వృత్తి చేసుకోవాలంటే ఆడినన్నాళ్ళు ఎవరో ఒకరు తిండి పెట్టాలి. మెల్‌బోర్న్‌లో పేటకో క్లబ్బు, దానికి చందాలు కట్టే జనం. హైదరాబాద్‌లో పోలీసు ఉద్యోగం. కలకత్తాలో పెద్ద క్లబ్బులు. పాలమూరులో కరువొస్తే కుటుంబాలకు కుటుంబాలే మట్టిపనికి వలస పోయేవి. అక్కడ పిల్లగాడికి కాళ్ళలో చురుకుంటే ఏం లాభం?

బలరాం కూడా వలసే పోయాడు, 1957లో ఈస్ట్ బెంగాల్‌కి. ఆ క్లబ్బుకి 104 గోల్స్. 1961లో కెప్టెన్‌గా కలకత్తా లీగ్ గెలిపించి, 23 గోల్స్‌తో అందరికంటే ముందున్నాడు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోల్ కొట్టాడు. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాని 2-1తో ఓడించి ఏషియాడ్ బంగారం తెచ్చిన జట్టులో ఉన్నాడు. అప్పటికే రహీం సాబ్‌కి క్యాన్సర్. 1963 జూన్ 11న పోయాడు. అదే ఏడాది బలరాం రైల్వే జట్టు బీఎన్ఆర్‌కి మారాడు, ఊపిరితిత్తుల జబ్బుతో ఆట ఆపేశాడు. ఇరవై ఏడేళ్ళు కూడా సరిగ్గా నిండలేదు. మన భాషలో చెప్పాలంటే ఇంకా టీమ్ లీడ్ కూడా కాని వయసు. అక్కణ్ణుంచి అతన్ని నిలబెట్టింది గోల్స్ కాదు, రైల్వే ఉద్యోగం. అందుకే నాకు ఈ "స్పోర్ట్స్ కోటా"ని ఎగతాళి చేసేవాళ్ళంటే ఒళ్ళు మండుతుంది.

తర్వాత అతను హైదరాబాద్‌లో స్థిరపడలేదు. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాలో ఒంటరిగా ఉండిపోయాడు. 1962లో అర్జున అవార్డు ఇచ్చారు, పద్మ ఏదీ రాలేదు. రహీం మీద "మైదాన్" సినిమా 2024 ఏప్రిల్‌లో వచ్చింది. బలరాం 2023 ఫిబ్రవరి 16నే కలకత్తాలో చనిపోయాడు. బరాసీ అదే ఏడాది సెప్టెంబర్ 16న.