అట్ట ఇళ్ల బేత్లెహేము: క్రిస్మస్ గ్రామముల చరిత్ర – ఒక పరిశీలన

ఉపోద్ఘాతము

క్రిస్మస్ చెట్టు క్రింద చిన్న చిన్న అట్ట ఇళ్లను పేర్చి ఒక గ్రామముగా అమర్చే ఆచారము అమెరికాలోని అనేక కుటుంబాలలో ఉంది. అరచేతిలో ఇమిడే ఇల్లు, కప్పు మీద మెరిసే మంచు, కిటికీలకు రంగు కాగితము, వెనుక గోడకు ఒక రంధ్రము, ఆ రంధ్రములో ఒక చిన్న విద్యుద్దీపము – ఇదే దాని రూపము. 1920ల చివరి నుండి జపాను దేశములో తయారై అమెరికా బజారులలో అమ్ముడైన ఈ ఇళ్లను నేడు కొందరు పాత కొలతల ప్రకారము మరల చేతితో చేస్తున్నారు.

బొమ్మల సంగతి మన పత్రికలో చర్చించవలసిన అవసరమేమిటని పాఠకులు అడగవచ్చు. ఈ ఇళ్ల పుట్టుక సంఘ చరిత్రలోనే ఉన్నది. సువార్త చెప్పుటకు సాయముగా పుట్టిన ఒక వస్తువు, ఆ చెప్పుట నుండి విడిపోయి సరుకుగా మారితే ఏమవుతుందో వీటి చరిత్ర మనకు చూపిస్తుంది. ఆ విడిపోయిన తీరును, నేటి పునర్నిర్మాణమును ఈ వ్యాసములో పరిశీలించి, మన సంఘాలకు దానినుండి వచ్చే ప్రశ్నను కాపరుల ముందు, వేదాంత విద్యార్థుల ముందు ఉంచాలని మేము ఆశిస్తున్నాము.

1. పశువుల తొట్టి ప్రక్కన ప్రసంగీకుడు

క్రీస్తు జననమును కండ్లకు కట్టినట్లు చూపిన వారిలో అస్సీసీ ఫ్రాన్సిస్ పేరు ప్రసిద్ధము. 1223లో ఇటలీలోని గ్రెచియో గ్రామములో ఆయన గడ్డితో నింపిన తొట్టిని సిద్ధపరచి, ఎద్దును, గాడిదను నిలబెట్టించి, క్రిస్మస్ రాత్రి ఆరాధన జరిపించాడు. ఆ రాత్రి సువార్త పాఠమును గానము చేసి, జనులకు ప్రసంగించినది కూడ ఫ్రాన్సిసే. ఈ రెండవ విషయము మనము తరచుగా మరచిపోతాము. తొట్టి ఉన్నచోటనే ప్రసంగమూ ఉంది.

అట్ట ఇళ్లకు దగ్గరి పూర్వీకులు మాత్రము మొరేవియనులు. జాన్ హస్ 1415లో అగ్నికి ఆహుతి అయిన తరువాత, ఆయన బోధను అనుసరించినవారిలో కొందరు 1457లో బొహేమియాలో సహోదరుల సంఘముగా కూడుకొన్నారు. తరువాతి కాలములో హింసలు సహించి చెదరిపోయిన వారి సంతతివారు 1722లో సాక్సనీలో కౌంట్ జింజెన్‌డార్ఫ్ భూములలో ఆశ్రయము పొంది, హెర్న్‌హూట్ అనే గ్రామమును కట్టుకొన్నారు. అక్కడినుండి బయలుదేరిన మిషనరీలు 1741లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక కొత్త గ్రామమునకు పునాది వేశారు. ఆ ఏటి డిసెంబరు 24న జింజెన్‌డార్ఫ్ వారిని దర్శించాడు. వారు కూడుకొన్నది దుంగలతో కట్టిన ఇంటిలో. మనుషులకూ పశువులకూ ఒకే కప్పు. ఆ రాత్రి గీతము పాడుచూ పశువులున్న భాగములోనికి నడచిన ఆ విశ్వాసులు తమ గ్రామమునకు బేత్లెహేము అని పేరు పెట్టుకొన్నారు.

మొరేవియను కుటుంబాలు క్రిస్మస్ కాలములో ఇంటిలో ఒక దృశ్యమును అమర్చేవారు. అలంకరించుట అను అర్థముగల జర్మను క్రియాపదమునుబట్టి దానిని 'పుట్జ్' అన్నారు. అడవినుండి తెచ్చిన నాచు, రాళ్లు, చెట్టు మొదళ్లు, చెక్కతో చెక్కిన మనుషులు, గొర్రెలు, వీటి మధ్య యేసు జన్మించిన పాక. చుట్టూ ఇళ్లు, వంతెనలు, పిండిమరలు. పొరుగువారు ఇంటింటికి వెళ్లి ఆ దృశ్యములను చూచేవారు. చూడ వచ్చినవారికి ఇంటివారు జనన వృత్తాంతమును వినిపించేవారు. నేటికీ పెన్సిల్వేనియాలోని బేత్లెహేములో మొరేవియను సంఘమువారు పుట్జ్ చూపునప్పుడు ఒక కంఠము కథ చెబుతూ ఉంటే, ఒక్కొక్క దృశ్యము మీద వెలుగు పడుతుంది. చూచుట, వినుట అక్కడ కలిసే ఉన్నవి.

ఆ పిండిమరలు, మంచు కప్పిన ఇళ్లు యూదయ దేశములోనివి కావని చేసినవారికి తెలియక కాదు. యోహాను 1:14లో "నివసించెను" అనుచోట గ్రీకు మూలములోని క్రియకు గుడారము వేసికొనుట అని అర్థము. వాక్యము మన ఇళ్ల మధ్య గుడారము వేసికొన్నదని చెప్పదలచినవాడు తన ఊరి ఇళ్లనే తొట్టి చుట్టూ కట్టుటలో వింత లేదు. ఇళ్లకు అర్థము ఇచ్చినది మధ్యనున్న శిశువు.

2. సరుకుగా మారిన గ్రామము

1879లో ఇదే పెన్సిల్వేనియాలోని లాంకాస్టర్ పట్టణములో వూల్‌వర్త్ అనే వర్తకుడు ఐదు సెంట్ల దుకాణమును విజయవంతముగా నడిపాడు. అటువంటి దుకాణాలు దేశమంతట విస్తరించినకొద్దీ క్రిస్మస్ అలంకరణలు పేదవాని ఇంటికి కూడ చేరాయి. తొలుత ఆ సరుకు ఎక్కువగా జర్మనీనుండి వచ్చేది. 1914-18 యుద్ధము ఆ వర్తకమును దెబ్బతీయగా, జపాను బొమ్మల పరిశ్రమకు దారి తెరుచుకొన్నది. 1920ల చివర అట్ట ఇళ్లు అమెరికాకు రాసాగాయి. 1930లలో, ఆర్థిక మాంద్యపు రోజులలో, అవి విరివిగా అమ్ముడయ్యాయి. అట్ట చవక, పనివాని కూలి చవక, కొన్న ఇంటివాడు చెల్లించినది కొద్ది సెంట్లు.

సంఘ చరిత్ర చదివేవారు ఇక్కడ ఒక్క క్షణము ఆగాలి. జపానులో క్రైస్తవ మతము 1614లో దేశమంతట నిషేధింపబడింది. క్రీస్తు రూపము చెక్కిన పలకలను జనులచేత త్రొక్కించి, త్రొక్కనివారిని శిక్షించిన దేశమది. నిషేధపు ప్రకటన పలకలను తీసివేసినది 1873లో. అటు తరువాత అరువది ఏండ్లు తిరుగకముందే, క్రైస్తవులు నూటికి ఒక్కరైనా లేని ఆ దేశములో, పనివారు గోపురముతో కూడిన చిన్న చిన్న చర్చీలను అట్టతో మడిచి అమెరికా క్రైస్తవులకు పంపుతున్నారు! ఆ చేతులను మేము తక్కువచేసి మాట్లాడము. అవి నేర్పుగల చేతులు, ఆకలిగల చేతులు. చర్చి గోపురము ఎందుకున్నదో వారికి చెప్పవలసిన బాధ్యత వాటిని కొన్నవారిమీదనే ఉన్నది.

పెట్టెలో వచ్చినవి ఇళ్లు, చర్చీలు, కంచెలు మాత్రమే. తొట్టిని కొనదలచినవారు వేరుగా కొనుక్కోవాలి. ఈ విధముగా చెట్టు క్రింద గ్రామము నిలిచింది, దానికి కేంద్రమైన శిశువు ఉన్నా సరే, లేకున్నా సరే అన్న స్థితి వచ్చింది. కథ చెప్పే అలవాటు కూడ అనేక ఇళ్లలో దానితోనే జారిపోయింది.

1941 డిసెంబరులో జపాను, అమెరికాల మధ్య యుద్ధము మొదలై ఈ వర్తకము ఆగిపోయింది. యుద్ధానంతరము 1947 నుండి 1952 వరకు ఎగుమతియైన జపాను సరుకులలో అనేకముల మీద 'ఆక్రమిత జపాను' అనే ముద్ర కనబడుతుంది. ఆ తరువాత ప్లాస్టిక్ ఇళ్లు అట్టను వెనుకకు నెట్టాయి. 1976 నుండి డిపార్ట్‌మెంట్ 56 అనే సంస్థ పింగాణీ గ్రామములను అమ్మసాగింది. అట్ట ఇళ్లు అటకల మీద తడికి, పురుగులకు పాడైపోగా, మిగిలినవి సేకర్తల వస్తువులయ్యాయి.

3. మరల చేతితో చేయుట

నేడు ఈ ఇళ్లను తిరిగి చేయువారు మొదట పాత ఇంటిని కొలుస్తారు. జిగురు విడిచి పరుచుకుపోయిన ఇల్లు దొరికితే మరీ మంచిది. గోడలన్నీ ఒకే అట్టముక్కగా కనబడతాయి. ఆ ఆకారమును కొత్త అట్టమీద గీసి, మడత వచ్చేచోట పైపైన గీత పెట్టి, కిటికీలను పదునైన బ్లేడుతో కోస్తారు. మడవకముందే రంగు వేయాలి. ఎండిన తరువాత కిటికీల లోపలివైపు ఎరుపు లేక పసుపు సెల్లోఫేను అంటించి, అంచులను జిగురుతో కలిపి నాలుగు గోడలు నిలబెడతారు. తరువాత కప్పు, పొగగొట్టము, అడుగు పలక, కంచె. జిగురు పూసి మెరిసే పొడి చల్లితే అదే మంచు; పాతవాటిలో అభ్రకపు పలుకులు వాడారు. వాకిటిలో నిలిపే చెట్టు ఏమిటనుకొంటారు? ఆకుపచ్చ రంగు వేసిన నేతిబీర పీచు! పూర్వపు బల్బులు వేడెక్కి అట్టను మాడ్చేవి గనుక ఇప్పుడు వేడి తక్కువైన ఎల్.ఇ.డి. దీపాలు పెడుతున్నారు.

ఈ పనిలో ఒక నియమము మాకు ఎంతో నచ్చినది. మనస్సాక్షిగల పనివాడు ఇంటి అడుగున తన పేరు, చేసిన సంవత్సరము వ్రాస్తాడు. లేకపోతే కొత్తది పాతదిగా అమ్ముడుపోయి కొనేవాడు మోసపోతాడు. పాతదానిని ప్రేమించువాడు దానిని గూర్చి అబద్ధమాడకూడదు. పితరుల ఆచారములను తిరిగి తేవాలని కోరే సంఘాలు కూడ ఏది పితరులది, ఏది నేటిదో స్పష్టముగా చెప్పగలగాలి.

అయితే కొలతలు ఎంత సరిపోయినా, ఆ ఇల్లు 1930ల నాటి సరుకుకు నకలే. దానికంటె వెనుకనున్న పుట్జ్‌ను అట్ట, జిగురు తిరిగి తేలేవు. దానిని తేగలిగినది చెప్పే నోరు.

4. మన సంఘాలకు వచ్చే ప్రశ్న

పెన్సిల్వేనియాకు మనకు ఒక బంధుత్వమున్నది. 1842 జూలై 31న గుంటూరు చేరిన ఫాదర్ హయ్యర్‌ను పంపినది పెన్సిల్వేనియా లూథరన్ సినడు. పుట్జ్ పెరిగిన ఆ జర్మను వలసదారుల సీమనుండే మనకు ఆ సేవకుడు వచ్చాడు.

మన సంఘాలలో యౌవనస్థులు వెదురు బద్దలు చీల్చి రంగు కాగితముతో నక్షత్రము కట్టడం, గడ్డి పరచి పశువుల పాక వేయడం మనమెరిగినదే. ఇప్పుడు అనేకచోట్ల నక్షత్రము, పాక, బొమ్మలు అన్నీ బజారులో సిద్ధముగా దొరుకుతున్నాయి. కొనుట పాపమని మేము అనము. అయితే క్రిస్మస్ రాత్రి పాకను చూచుటకు క్రైస్తవేతరులైన పొరుగువారు కూడ పిల్లలను ఎత్తుకొని వస్తారు. వారు దీపాలు చూచి, ఫొటో తీసుకొని వెళ్లిపోతే, ఆ తొట్టిలోని శిశువెవరో వారికి ఎవరు చెప్పాలి?

యెహోషువ 4:6-7లో యొర్దానునుండి తెచ్చిన రాళ్లను గూర్చిన ఆజ్ఞ ఇక్కడ మనకు మార్గదర్శకము. ఈ రాళ్లెందుకని పిల్లలు అడుగుతారని, అడిగినప్పుడు పెద్దలు జవాబు చెప్పాలని అక్కడ ఉన్నది. జవాబు చెప్పే పెద్దలు లేనప్పుడు అవి ఏటి ఒడ్డున పడియున్న పండ్రెండు రాళ్లు మాత్రమే.

ముగింపు

కాబట్టి కాపరులకు మా మనవి రెండు మాటలు. డిసెంబరు మొదటి ఆదివారమున సండేస్కూలు పిల్లలకు పాత అట్టపెట్టెలు, కత్తెరలు, జిగురు ఇవ్వండి. బేత్లెహేము ఇళ్లకు మన ఊరి పెంకుటిళ్లను, డాబాలను, గుడిసెలను నమూనాగా తీసుకొననివ్వండి. వారు మడతపెట్టుచుండగా లూకా రెండవ అధ్యాయమును వారికి వివరించండి. క్రిస్మస్ రాత్రి ఆ పాక ప్రక్కన ఒక పిల్లవానినో, పిల్లనో నిలబెట్టండి. వచ్చినవారికి కథ చెప్పే పని ఆ బిడ్డది.