కొన్ని రాష్ట్రాలు, కొన్ని వేల ఓట్లు: ఒక వాక్యానికి వ్యాఖ్యానం

"కొన్ని రాష్ట్రాల్లో కొన్ని వేల ఓట్ల తేడాతో అమెరికా అధ్యక్షుడు ఎన్నికవుతాడు."

నాలుగేళ్లకోసారి ఈ మాట ఏదో ఒక రూపంలో మన పత్రికల్లో కనిపిస్తుంది. తప్పు మాట కాదు. అయితే పదాలు విడదీసి అన్వయం చూస్తేగాని ఇందులో ఎంత అన్యాయం ఇమిడి ఉందో తెలియదు. క్రియాపదంతో మొదలుపెడతాను.

ఎన్నికవుతాడు – నవంబరులో ఓటరు వేసే ఓటు నేరుగా అభ్యర్థికి చేరదు. అతని తరఫున ఆ రాష్ట్రంలో నిలిచిన ఎలక్టర్లకు పడుతుంది. దేశం మొత్తం మీద ఎలక్టర్లు 538 మంది. ప్రతినిధుల సభ లెక్కన 435, సెనేట్ లెక్కన 100, రాజధాని వాషింగ్టన్‌కు 3. వీరిలో 270 మంది ఎవరికి దక్కితే వారే అధ్యక్షులు. మన రాష్ట్రపతి ఎన్నికలోనూ జనానికీ పదవికీ మధ్య ప్రతినిధులుంటారు. కానీ మన ఎమ్మెల్యేలు, ఎంపీలు ఎవరి ఓటు వారు వేసుకుంటారు, ఒక రాష్ట్రం ఓట్లన్నీ మూటగట్టి ఒకరికే అప్పజెప్పరు. అక్కడ అప్పజెబుతారు.

తేడాతో – వాక్యానికి ప్రాణం ఈ పదమే. 50 రాష్ట్రాల్లో 48 చోట్ల ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా ఎలక్టర్లందరూ ఆ అభ్యర్థికే. మెయిన్, నెబ్రాస్కా మాత్రమే నియోజకవర్గాల వారీగా కొందరిని విడిగా ఇస్తాయి. కాబట్టి తేడా ఉందా లేదా అన్నదే లెక్క, ఎంతన్నది లెక్కలోకి రాదు. 2020లో కాలిఫోర్నియాలో బైడెన్‌కు 51 లక్షల ఆధిక్యం వచ్చింది, 55 మంది ఎలక్టర్లు దక్కారు. ఒక్క ఓటు ఆధిక్యం వచ్చి ఉన్నా అదే 55. అదే ఏడు ట్రంప్‌కు అన్ని రాష్ట్రాల కన్నా ఎక్కువ ఓట్లు పడింది ఆయన గెలిచిన టెక్సస్‌లో కాదు, ఓడిపోయిన కాలిఫోర్నియాలోనే. ఆ 60 లక్షల మందికి గాను ఒక్క ఎలక్టరూ రాలేదు. ఏ పార్టీ వారైనా సరే, ఇన్ని లక్షల మంది ఓటు లేనట్టే అయిపోవడం నాకు మింగుడుపడదు.

ఈ పద్ధతి రాజ్యాంగం విధించిందని చాలామంది అనుకుంటారు. రాజ్యాంగం ఎలక్టర్ల ఎంపిక విధానాన్ని రాష్ట్రాల శాసనసభలకు వదిలేసింది, అంతే. తొలి ఎన్నికల్లో పలు పద్ధతులుండేవి. 1800లో వర్జీనియా తన ఎలక్టర్లందరినీ జెఫర్సన్‌కు దక్కించడానికి నియోజకవర్గాల పద్ధతి మానేసింది. అది చూసి మసాచుసెట్స్ కూడా తన మనిషి ఆడమ్స్ కోసం నిబంధన మార్చుకుంది. ఇలా ఒకరిని చూసి ఒకరు మారుతూ పోయి, 1836 నాటికి సౌత్ కరోలినా తప్ప అన్ని రాష్ట్రాలూ ఈ దారికే వచ్చాయి.

కొన్ని వేల ఓట్ల – 2000లో ఫ్లోరిడాలో దాదాపు 60 లక్షల ఓట్లు పోలైతే బుష్ ఆధిక్యం 537. దాంతో అక్కడి 25 మందీ ఆయనకే దక్కి మొత్తం 271 అయింది. దేశం మొత్తం మీద ప్రత్యర్థి గోర్‌కు 5 లక్షలకు పైగా ఓట్లు ఎక్కువ. ఓట్ల తిరిగి లెక్కింపును డిసెంబరు 12న సుప్రీంకోర్టు 5–4 తీర్పుతో ఆపేసింది. గోర్ ఎందుకు ఓడాడంటే ఒకరు మూడో పక్షపు అభ్యర్థి నేడర్‌కు పడ్డ 97 వేల ఓట్లు చూపిస్తారు, మరొకరు పామ్ బీచ్ కౌంటీలో ఓటర్లను తికమకపెట్టిన బ్యాలెట్ చూపిస్తారు. తేడా 537 అయినప్పుడు ప్రతి కారణమూ సరిపోతుంది, అందుకే ఏ ఒక్కదాన్నీ అసలు కారణమనడం న్యాయం కాదు.

2016లో మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా మూడింటిలో కలిపి తేడా 78 వేలకు లోపే. 2020లో అరిజోనా, జార్జియా, విస్కాన్సిన్ కలిపితే 43 వేలకు లోపు. ఆ మూడూ ట్రంప్ వైపు తిరిగి ఉంటే 269–269. అప్పుడు అధ్యక్షుణ్ణి ప్రతినిధుల సభ ఎన్నుకుంటుంది, అదీ రాష్ట్రానికి ఒక్క ఓటు చొప్పున. అంటే దాదాపు 4 కోట్ల జనమున్న కాలిఫోర్నియాకూ, 6 లక్షలైనా లేని వయోమింగ్‌కూ సమానమైన ఓటు. 2024కు మాత్రం 'కొన్ని వేలు' అన్నది అంతగా నప్పదు. మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా తేడాలు కలిపితే సుమారు 2 లక్షల 30 వేలు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ కొన్ని వేల మందే అధ్యక్షుణ్ణి ఎన్నుకున్నారని అర్థం చెప్పుకోకూడదు. మిగతా రాష్ట్రాల్లో కోట్ల ఓట్లతో రెండు పక్షాలూ 200 దాటి వచ్చాకే ఆ వేలకు అంత విలువ.

కొన్ని రాష్ట్రాల్లో – 2024లో అందరి కళ్లూ ఏడింటి మీదే: పెన్సిల్వేనియా, మిషిగన్, విస్కాన్సిన్, జార్జియా, అరిజోనా, నెవాడా, నార్త్ కరోలినా. ఇవి శాశ్వతం కాదు. నిన్నమొన్నటి దాకా ఒహాయో, ఫ్లోరిడాల పేర్లు వినేవాళ్లం. నేడు డెమొక్రాట్ల కంచుకోట అయిన కాలిఫోర్నియా 1968 నుంచి 1988 దాకా ప్రతిసారీ రిపబ్లికన్లనే గెలిపించింది.

మనవాళ్ల సంగతీ ఇక్కడే వస్తుంది. టెక్సస్‌లోని డాలస్‌లోనో, కాలిఫోర్నియా బే ఏరియాలోనో, న్యూజెర్సీలోనో ఉన్న తెలుగు ఓటరు ఇంటి తలుపు అధ్యక్ష ఎన్నికల వేళ తట్టేవారు తక్కువ. జార్జియాలో అట్లాంటా శివార్లలో, ఫోర్సైత్ కౌంటీలో ఉన్నవాడి కోసం రెండు పార్టీలూ తిరుగుతాయి. 2020లో జార్జియా తేలింది 11,779 ఓట్లతో, టెక్సస్ 6 లక్షలకు పైగా ఓట్లతో.

మార్గం లేకపోలేదు. దేశవ్యాప్తంగా ఎక్కువ ఓట్లు వచ్చినవారికే మా ఎలక్టర్లను ఇస్తామని కొన్ని రాష్ట్రాలు చట్టాలు చేసి ఒప్పందంలో చేరాయి. చేరిన రాష్ట్రాల బలం 270కి చేరితేనే అది అమలవుతుంది, ఇంకా చేరలేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీ అందులో ఉన్నాయి. టెక్సస్, జార్జియా లేవు. ఆ రెండు రాష్ట్రాల్లో ఓటు హక్కున్న తెలుగువారు తమ శాసనసభ్యుణ్ణి ఈ ఒక్క విషయం అడగాలని నా మనవి.