తుంటి విరిగిన కాలికి బరువు ఎందుకు కట్టారు?

విరిగిన కాలిని కదలనివ్వకూడదని మన వైద్యులకు ఏనాడో తెలుసు. సుశ్రుత సంహితలో కపాటశయనం ఉంది: రోగిని చెక్కపలక మీద పడుకోబెట్టి, అయిదు చోట్ల మేకులు దిగ్గొట్టి, కాలు చలించకుండా కట్టేసేవారు. మేడి, రావి, మోదుగ బెరళ్లే బద్దలు. నాటు వైద్యుల పుత్తూరు కట్టు కోసం జనం ఇప్పటికీ బయల్దేరుతున్నారు.

కానీ ముంజేతికి పనికొచ్చే కట్టు తుంటికి పనికిరాదు. తొడ ఎముక మెడ కీలు లోపల ఉంటుంది, బద్దలు అక్కడిదాకా అందవు. ఎముక తలకు రక్తం చాలావరకు ఆ మెడ వెంబడే వెళ్తుంది. పైగా బలమైన కండరాలు కాలిని పైకి లాగేస్తాయి. అందుకే కాలు పొట్టిదై, పాదం బయటికి తిరిగిపోతుంది.

ఆ లాగుడికి ఎదురు లాగుడు కావాలని, 1861లో న్యూయార్క్ సర్జన్ గర్డన్ బక్ కాలికి అంటుపట్టీ వేసి, మంచం చివర కప్పీ మీదుగా బరువు వేలాడదీశాడు. మన వార్డుల్లో కాలికి ఇటుకలు కట్టడం దాని సంతతే. లివర్‌పూల్‌కు చెందిన హ్యూ ఓవెన్ థామస్ రూపొందించిన వలయపు బద్ద (స్ప్లింట్) మొదటి ప్రపంచయుద్ధంలో తొడ విరిగిన సైనికులెందరినో బతికించింది. కానీ దాని వలయం గజ్జల్లో నొక్కుతుంది కాబట్టి తుంటి దెబ్బకు తగదు.

అప్పట్లో బరువే వైద్యం. వారాల తరబడి మంచంలో ఉంటే పుండ్లు, న్యుమోనియా, రక్తపు గడ్డలు వృద్ధులను తీసుకుపోయేవి. 1925లో సర్జన్ స్మిత్-పీటర్సన్ విరిగిన ఎముకలోకి మూడు రెక్కల మేకు దించాక, బరువు ఆపరేషన్ దాకా ఆగడానికి ఊతంగా మిగిలింది. ఆ ఊతమైనా పనిచేస్తుందా? 2011 నాటి కోక్రేన్ సమీక్ష 11 పరీక్షల్లో 1,654 మందిని చూసింది. నొప్పి తగ్గినట్టుగానీ, ఆపరేషన్ తేలికైనట్టుగానీ ఆధారం దొరకలేదు. అయినా అలవాటు పోలేదు, అది నాకు బాధగానే ఉంది. కాలి కింద దిండు, గజ్జల దగ్గర నరాల్ని మొద్దుబార్చే ఇంజెక్షన్ మేలు.

ఆపరేషన్ దాకా చేరడానికి మన దగ్గర 2005లో 108 అంబులెన్సులు, 2007లో ఆరోగ్యశ్రీ పథకం వచ్చాయి. అయినా పల్నాడు జిల్లా మాచర్ల నుంచి గుంటూరు పెద్దాసుపత్రికి వంద కిలోమీటర్ల పైనే. ఆ దారికి చేయాల్సింది ఇంతే: కాలిని లాగి సరిచేయకుండా, మధ్యలో దిండు పెట్టి రెండు కాళ్లనూ కలిపి మెత్తటి గుడ్డతో కట్టడం, స్ట్రెచర్ మీదే ఎక్కించడం, ఆ రోజే బయల్దేరడం. బ్రిటన్ మార్గదర్శకాల ప్రకారం ఆసుపత్రిలో చేరిన రోజునో మర్నాడో ఆపరేషన్ జరగాలి.